‘టక్’మంది, పేలలేదు: పాత వేట రైఫిల్‌లో లోపం ఎక్కడుందో కనుక్కోవడం ఎలా?

ట్రిగ్గర్ నొక్కారు. టక్ మని చిన్న శబ్దం వచ్చింది, అంతే. తూటా పేలలేదు. ఆ క్షణంలో ఎవరికైనా చెయ్యి బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి వెనక నుంచి మూసే గడియ) మీదికే పోతుంది, తెరిచి ఏమైందో చూద్దామని. మా పెదనాన్నగారి .315 రైఫిల్‌తో మొదటిసారి ఇలా జరిగినప్పుడు మా అన్నయ్య అదే చేయబోయాడు. పక్కనున్న షూటింగ్ రేంజి ఆఫీసర్ ఒక్క అరుపు అరిచి ఆపారు. ఆ అరుపుకి నేను ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. అందుకే మొదటి మెట్టు అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

హైదరాబాద్‌లో పాత ఇళ్లలో ఇలాంటి రైఫిళ్లు ఇంకా ఉన్నాయి. నిజాం కాలంలో వేట మీద మోజు ఎంత ఉండేదో చెప్పక్కర్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటకి పేరుమోసినవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట క్రమంగా కట్టయింది, తుపాకీలు మాత్రం బీరువాల్లో మిగిలాయి. లైసెన్సు వారసులకి మారింది, రైఫిల్ ఎప్పుడో ఒకసారి బయటికి వస్తుంది, అప్పుడు పేలదు. మీ ఇంట్లోనూ అలాంటిదే ఉంటే ఇది మీకోసం. తుపాకీ ఎప్పుడూ పట్టనివాళ్లు దీన్ని చదివి సొంతంగా ప్రయోగాలు చేయొద్దు. తెలిసిన మనిషిని పక్కన పెట్టుకోండి.

మొదటి మెట్టు: ముప్పై సెకన్లు కదలొద్దు

పేలని తూటా చచ్చిపోయినట్టు కాదు. కొన్నిసార్లు లోపల నిప్పు నెమ్మదిగా రాజుకుని, ఒకటి రెండు సెకన్ల తర్వాత పేలుతుంది. దీన్నే హ్యాంగ్ ఫైర్ అంటారు. ఆ లోపల మీరు బోల్ట్ తెరిచారనుకోండి, తూటా చుట్టూ ఉక్కు గోడ ఉండదు. ఇత్తడి పెంకు మీ ముఖం ముందే చిట్లుతుంది.

అందుకని గొట్టం గురి వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, కనీసం ముప్పై సెకన్లు లెక్కపెట్టండి. నేనైతే నిమిషం ఆగుతాను. ఆ తర్వాత ముఖం పక్కకి జరిపి, బోల్ట్ నెమ్మదిగా తెరిచి, తూటాను బయటికి తీయండి. కింద పడేయకుండా, జేబులో వేసుకోకుండా, మిగతా తూటాలకి దూరంగా నీడలో పెట్టండి.

దీనికంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. ట్రిగ్గర్ నొక్కితే ‘ఢాం’ అనకుండా ‘పుస్’ అన్నట్టు చిన్న చప్పుడు వస్తుంది, భుజానికి దెబ్బ తగలదు. అంటే తూటాలోని మందు సరిగ్గా అంటుకోలేదు. తూటా ముందుండే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. ఆ స్థితిలో రెండో తూటా పేలిస్తే గొట్టం పగులుతుంది. అక్కడితో ఆ రోజు షూటింగ్ ఆపేయండి. బోల్ట్ పూర్తిగా బయటికి తీసి, వెనక వైపు నుంచి గొట్టంలోకి చూడండి. వెలుతురు కనపడకపోతే రైఫిల్‌ని గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసేవాడు) దగ్గరికే తీసుకెళ్లాలి. ఇంట్లో కడ్డీ పెట్టి సుత్తితో కొట్టే పని మాత్రం చేయొద్దు.

రెండో మెట్టు: కాగితాలు

దీన్ని త్వరగా ముగిస్తాను, కానీ దాటేయను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికి ఒక లైసెన్సు కావాలి. తుపాకీలు, తూటాలు తయారు చేయడానికి, తుపాకీలు రిపేరు చేయడానికి వేరే లైసెన్సు ఉండాలి. మీ లైసెన్సు చూపించి ఇంట్లో తూటాలు నింపుకుంటానంటే చెల్లదు. అమెరికాలో చాలామంది ఇంట్లోనే వాడిన పెంకుల్లో మళ్లీ మందు నింపుకుంటారు. ఇక్కడ ఆ పని చేస్తే కేసు అవుతుంది. స్ట్రైకర్ (బోల్ట్ లోపలుండి తూటాని కొట్టే పిన్ను) విప్పాల్సిన రిపేరు కూడా లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌తోనే చేయించండి.

పెద్దవాళ్లు పోయాక రైఫిల్ మీ పేరు మీదికి ఇంకా మారకపోతే, ముట్టుకోకముందే ఆ పని చూసుకోండి. లైసెన్సు మారేదాకా దాన్ని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. హైదరాబాద్ నగరంలో లైసెన్సు ఇచ్చే అధికారం పోలీస్ కమిషనర్‌ది.

పేల్చి చూడటం రేంజిలోనే. మొయినాబాద్ ఫాంహౌస్‌లో ఎవరూ లేరు కదా అని ఒక్క రౌండు వేసి చూద్దామనుకోవద్దు. రైఫిల్ గుండు కిలోమీటర్లు పోతుంది. అన్ని రేంజిల్లోనూ పెద్ద బోరుకి (గొట్టం లోపలి వెడల్పు ఎక్కువున్నవాటికి) అనుమతి ఉండదు, చాలావాటిలో ఎయిర్ రైఫిల్, .22 మాత్రమే. ముందే ఫోన్ చేసి అడిగి వెళ్లండి.

మూడో మెట్టు: పేలని తూటాని చదవండి

ఇక అసలు సంగతి. చాలామంది పేలకపోగానే రైఫిల్ విప్పడం మొదలుపెడతారు. నా మాట వినండి, ముందు ఏమీ విప్పొద్దు. పేలని తూటా అడుగుభాగం చూడండి. మధ్యలో గుండ్రంగా చిన్న మూత ఉంటుంది. అదే ప్రైమర్, పాతవాళ్లు క్యాప్ అంటారు. ఫైరింగ్ పిన్ దాన్ని కొడితే అందులోని మిశ్రమం నలిగి మెరుపులా మండి, చిన్న రంధ్రం గుండా మందుని అంటిస్తుంది. కొట్టిన చోట గుంట పడుతుంది. ఆ గుంటే మీకు సగం జవాబు చెబుతుంది. భూతద్దం ఉంటే తెచ్చుకోండి. పక్కన బాగా పేలిన ఒక పెంకుని పెట్టి పోల్చి చూడండి.

గుంట అసలు పడలేదా? పిన్ను ప్రైమర్‌ని చేరలేదు. పిన్ను విరిగి ఉండాలి, లేదా బోల్ట్ కాక్ కాలేదు (స్ప్రింగు బిగిసి కొట్టడానికి సిద్ధం కాలేదు), లేదా సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట, సగంలో ఉంది. మొదట సేఫ్టీ చూడండి.

గుంట పడింది, కానీ లోతు లేదు. పాత రైఫిళ్లలో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. పిన్ను వెళ్లింది గానీ బలం సరిపోలేదు. స్ప్రింగు అలిసిపోయి ఉండొచ్చు, బోల్ట్ లోపల జిడ్డు గడ్డకట్టి ఉండొచ్చు, లేదా పిన్ను కొడుతుంటే తూటాయే ముందుకి జారి దెబ్బని మింగేస్తుండొచ్చు.

గుంట లోతుగా, చక్కగా మధ్యలో ఉంది, అయినా పేలలేదు. అయితే రైఫిల్ తన పని తాను చేసింది. తప్పు తూటాది.

గుంట పక్కకి జరిగి ఉందనుకోండి, పిన్ను మొన అరిగిందో వంగిందో చూడాలి. కొన్నిసార్లు బోల్ట్ వేరే రైఫిల్‌ది అయి ఉంటుంది. బోల్ట్ మీది నంబరు, రైఫిల్ బాడీ మీది నంబరు ఒకటేనా చూడండి. చేతులు మారిన తుపాకీల్లో నంబర్లు కలవకపోవడం కొత్తేమీ కాదు. కలవకపోతే గన్‌స్మిత్ చూసేదాకా ఆ రైఫిల్ పేల్చొద్దు.

ఇంకో లక్షణం ఉంది. మొదటి దెబ్బకి పేలలేదు, అదే తూటాని ముప్పై సెకన్లు ఆగి మళ్లీ కాక్ చేసి కొడితే పేలింది. ఇది చేతితో నింపిన తూటాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దీని కారణం కింద చెబుతాను.

నాలుగో మెట్టు: బోల్ట్ పిడి మీద కన్నేయండి

బోల్ట్ పిడి పూర్తిగా కిందికి దిగకుండా ట్రిగ్గర్ నొక్కితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. స్ట్రైకర్ ముందుకి దూకేటప్పుడు దాని బలంలో కొంత ఆ పిడిని కిందికి లాగడానికే ఖర్చయిపోతుంది. ప్రైమర్‌ని చేరేసరికి దెబ్బ నీరసపడుతుంది. గుంట తేలిగ్గా పడుతుంది.

ఖాళీ రైఫిల్‌లో డమ్మీ (మందు లేని నకిలీ) తూటా పెట్టి పరీక్షించండి. చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట), మ్యాగజైన్‌లో అసలు తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, పక్క మనిషికి కూడా చూపించి అప్పుడు మొదలుపెట్టండి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు పిడి కొంచెమైనా కదిలిందా గమనించండి. కదిలిందంటే బోల్ట్ పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. చాంబర్‌లో మురికో, తూటా కొలత కొంచెం ఎక్కువో, లేకపోతే మీరే పిడిని గట్టిగా దించకపోవడమో కారణం. లీ ఎన్‌ఫీల్డ్ వంశం రైఫిళ్లు బోల్ట్ మూసేటప్పుడు కాక్ అవుతాయి. మన ఈషాపూర్ కర్మాగారంలో చేసిన .315 కూడా ఆ వంశమే. మూసేటప్పుడు చేతికి స్ప్రింగు బరువు తగులుతుంది. అలవాటు లేనివాళ్లు ఆ బరువు తగలగానే ఆగిపోతారు. మౌజర్ 98 వంశం వాటిలో తెరిచేటప్పుడే కాక్ అవుతుంది కాబట్టి మూయడం తేలిక. ఏ వంశమో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఐదో మెట్టు: కొబ్బరినూనె కథ

మా పెదనాన్న రైఫిల్‌లో అసలు దోషి ఇక్కడే దొరికింది. ఆయన ఆ తుపాకీని ప్రాణంలా చూసుకునేవారు. ప్రతి దసరాకీ ఆయుధ పూజ రోజు తీసి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బోల్ట్‌కి ధారాళంగా కొబ్బరినూనె పోసేవారు. ఏళ్ల తరబడి అలాగే.

డిసెంబరు పొద్దున మీ బాత్‌రూంలో కొబ్బరినూనె సీసా చూడండి, తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. బోల్ట్ లోపల కూడా అదే జరుగుతుంది. పైగా వంటనూనెలు గాలి తగిలి కొన్నాళ్లకి జిగురుగా మారి, దుమ్ముతో కలిసి లోపల పూతలా అంటుకుంటాయి. స్ప్రింగు ఎంత గట్టిగా తోసినా పిన్ను ఆ జిగురులోంచి ఈదుకుంటూ వెళ్లాలి. చేరేసరికి బలం ఏముంటుంది? మందపాటి గ్రీజు, ఎక్కువైన గన్ ఆయిల్ కూడా ఇదే పని చేస్తాయి.

మరి శుభ్రం చేయడం ఎలా? బోల్ట్‌ని రైఫిల్ నుంచి బయటికి తీయడం మామూలు శుభ్రపరచడంలో భాగమే. బోల్ట్‌ని విప్పకుండా అలాగే ఒక వెడల్పాటి గిన్నెలో కిరోసిన్ పోసి రాత్రంతా నానబెట్టండి. పొయ్యికి, దీపానికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టాలి. పొద్దున తీసి అటూ ఇటూ వంచుతూ లోపలి మురికిని కారనివ్వండి. మొదటిసారి టీ డికాక్షన్ రంగులో వచ్చింది మాకు. కొత్త కిరోసిన్‌తో మూడుసార్లు చేశాకే తేటగా వచ్చింది. తర్వాత ఒక రోజంతా నిలబెట్టి ఆరనివ్వండి.

ఆరాక లోపల నూనె పోయకండి. పిన్ను కదిలే దారి దాదాపు పొడిగానే ఉండాలి. బయటి భాగాలకి గన్ ఆయిల్, అది లేకపోతే కుట్టుమిషన్ నూనె, గుడ్డకి రెండు చుక్కలు అద్ది తుడవండి. చాంబర్ మాత్రం పూర్తిగా పొడిగా ఉండాలి. అక్కడ మిగిలిన నూనె తూటా అడుగుకి పాకి ప్రైమర్‌ని పాడు చేస్తుంది. తలుపు కీచుమంటే కొట్టే స్ప్రే సందుల్లోకి దూరే గుణం ఉన్నది, దాన్ని తూటాల దగ్గరికే రానివ్వొద్దు.

ఇంత చేసినా గుంట తేలిగ్గానే పడుతుంటే స్ప్రింగు మార్చాలి. దశాబ్దాల పాటు కాక్ చేసి ఉంచిన స్ప్రింగు పొట్టిబడుతుంది. ఇది గన్‌స్మిత్ పని. ఎందుకంటే లీ ఎన్‌ఫీల్డ్ తరహా బోల్ట్‌లో స్ట్రైకర్ విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. తిరిగి బిగించేటప్పుడు చుట్ల లెక్క తప్పితే పిన్ను బయటికి వచ్చే పొడవు మారిపోతుంది. తక్కువ వస్తే పేలదు, ఎక్కువ వస్తే ప్రైమర్‌ని చీల్చి వేడి వాయువు వెనక్కి తంతుంది. ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు మూడు అడగండి: పిన్ను ఎంత బయటికి వస్తోంది, మొన నున్నగా గుండ్రంగా ఉందా, హెడ్‌స్పేస్ ఎంత.

ఆ మూడోదాని గురించి ఒక మాట. బోల్ట్ మూసినప్పుడు బోల్ట్ ముఖానికి, చాంబర్‌లో తూటాని ఆపే చోటుకి మధ్య ఉండే దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అరుగుదల వల్ల ఆ దూరం పెరిగితే పిన్ను కొట్టగానే తూటా ముందుకి జారుతుంది, గుంట లోతు లేకుండా పడుతుంది. పేలినా పెంకు అడుగుకి కొంచెం పైన మెరిసే గీత కనిపిస్తుంది, అది పెంకు చీలడానికి ముందు వచ్చే సూచన. గేజ్ లేకుండా దీన్ని కొలవలేం. ఆ గీత కనిపిస్తే రైఫిల్ పక్కన పెట్టేయండి.

ఆరో మెట్టు: ట్రంకు పెట్టెలోని తూటాలు

రైఫిల్‌తో పాటు తూటాలూ వారసత్వంగా వస్తాయి. కర్పూరం వాసన వచ్చే పెట్టెలో, పాత ఉర్దూ పత్రికలో చుట్టి. అవి పేల్చొద్దు. ముందు అవి మీ లైసెన్సులో రాసి ఉన్న సంఖ్యలోకి వస్తాయో లేదో చూసుకోండి. రాకపోతే దాచుకోకుండా డీలరునో స్టేషన్‌నో కలవండి.

వాటిలో లోపాలు రకరకాలు. మన వానాకాలం తేమ, మే నెల ఎండ మారి మారి తగిలితే ప్రైమర్ మిశ్రమం, మందు రెండూ చెడతాయి. ఇత్తడి మీద ఆకుపచ్చ పూత, మెడ దగ్గర సన్నని పగులు, ప్రైమర్ చుట్టూ మరక ఉంటే దాని పని అయిపోయినట్టే. తోలు సంచిలో, తోలు బెల్టులో ఉంచిన తూటాలకి ఆ ఆకుపచ్చ పూత మరీ త్వరగా వస్తుంది.

పాత ఇంగ్లండు తూటాల్లో చాలావాటిలో మందు కార్డైట్, సేమియా పోగుల్లా ఉంటుంది. ప్రైమర్ బెర్డన్ రకం. దీనిలో ఒక చిత్రం ఉంది. బెర్డన్ అమెరికావాడు, బాక్సర్ ఇంగ్లండువాడు. కానీ అమెరికా బాక్సర్ ప్రైమర్‌ని పట్టుకుంది, ఇంగ్లండు, యూరప్ చాలాకాలం బెర్డన్‌ని వాడాయి. బాక్సర్ పెంకులో మధ్యన ఒకే రంధ్రం ఉంటుంది, బెర్డన్‌లో సాధారణంగా రెండు చిన్న రంధ్రాలు. ఆ పాత ప్రైమర్లు చాలావరకు పేలాక గొట్టంలో ఉప్పు లాంటి అవశేషం వదిలేవి, అది తేమని పీల్చి తుప్పు పట్టించేది. మీ గొట్టం లోపల సన్నటి గుంటలు కనిపిస్తే పాతకాలం తూటాలు పేల్చి వేడినీళ్లతో కడగకుండా వదిలేశారని అర్థం. నూనె ఆ ఉప్పుని కరిగించదు, నీళ్లే కరిగిస్తాయి.

కంపెనీ ముద్ర లేనివి, గుండ్లు ఎత్తు పల్లాలుగా కూర్చున్నవి, ప్రైమర్ రంగు ఒక్కోదానిది ఒక్కోలా ఉన్నవి కనిపిస్తే ఎవరో చేత్తో నింపినవే. లోపల ఏ మందు, ఎంత ఉందో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. వాటిని విప్పి చూడొద్దు, చెత్తలో వేయొద్దు, నిప్పులో అసలే వేయొద్దు.

ఏడో మెట్టు: చట్టం ఒప్పుకునే చోట చేత్తో నింపేవాళ్లకి

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు, పాత మౌజర్‌కి తనే తూటాలు నింపుకుంటాడు. మూడింట ఒకటి మొదటి దెబ్బకి పేలడం లేదని వీడియో కాల్‌లో చూపించాడు. రెండో దెబ్బకి పేలుతున్నాయి. పైన వాయిదా వేసిన కారణం ఇదే: ప్రైమర్ దాని గుంతలో అడుగు దాకా దిగలేదు. మొదటి దెబ్బ బలం దాన్ని కిందికి నెట్టడానికే సరిపోయింది, రెండో దెబ్బకి నలగాల్సిన మిశ్రమం నలిగింది. గుంతలో పాత మసి గీకి తీయకపోతే ఇలా అవుతుంది. ప్రైమర్ కూర్చోబెట్టాక వేలు కొసతో తడిమితే పెంకు అడుగు కన్నా వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి తగిలితే ఆ తూటా పక్కన పెట్టాలి. మందు నింపేసిన తూటాలో ప్రైమర్‌ని మళ్లీ నొక్కే ప్రయత్నం చేయొద్దు.

అతని దగ్గర ఇంకో తప్పు కూడా ఉంది. పెంకు కొలత సరిచేసే డైని మరీ కిందికి దింపాడు, పెంకు భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) వెనక్కి పోయింది. మౌజర్ తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు ఉండదు కాబట్టి భుజమే దాన్ని చాంబర్‌లో ఆపాలి. భుజం వెనక్కి పోతే తూటా జారుతుంది, హెడ్‌స్పేస్ పెరిగినట్టే లెక్క. .315 లాంటి అంచు ఉన్న తూటాల్ని అంచే ఆపుతుంది గనక ఈ బాధ తక్కువ.

మిగతావి చిన్నవే. పెంకులు డైలో సాఫీగా దిగడానికి రాసే జిడ్డు అంటిన చేత్తో ప్రైమర్లు ముట్టుకోకూడదు. పెంకులు పాలిష్ చేశాక రంధ్రంలో పాలిష్‌కి వాడే మొక్కజొన్న బెండు పలుకు ఇరుక్కుందేమో వెలుతురుకి పట్టి చూడాలి. నీరసమైన స్ప్రింగు ఉన్న పాత రైఫిల్‌లో గట్టి ప్రైమర్లు మొండికేస్తాయి, కానీ ముందు స్ప్రింగే మార్చాలి. పాత తుపాకీ కదా అని మాన్యువల్‌లో ఇచ్చిన కనీసం కన్నా మందు తగ్గిస్తే అది సరిగ్గా అంటుకోదు, మొదట్లో చెప్పిన ‘పుస్’ అక్కడి నుంచే వస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఒకసారికి ఒక్కటే మార్చండి

బోల్ట్ కడిగి, స్ప్రింగు మార్చి, కొత్త తూటాలు కొని, అన్నీ ఒకేరోజు రేంజికి పట్టుకెళ్లొద్దు. పేలితే దేనివల్ల పేలిందో తెలియదు. కొన్నాళ్లకి మళ్లీ మొరాయిస్తే మొదటికొస్తారు. ముందు రైఫిల్‌లో ఏమీ మార్చకుండా డీలరు దగ్గర కొన్న కొత్త ఫ్యాక్టరీ తూటాలు ఐదు పేల్చండి. అన్నీ పేలితే తప్పు పాత తూటాలదే, అక్కడితో ఆగిపోవచ్చు. పేలకపోతే బోల్ట్ కడగండి, మళ్లీ ఐదు. అప్పటికీ కాకపోతే స్ప్రింగు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, తూటా పెట్టె మీది లాట్ నంబరు, ఎన్ని పేలాయి, పేలని వాటి గుంట ఎలా ఉంది రాయండి. పేలని తూటాలు లైసెన్సు లెక్కలోవే కాబట్టి, వాటిని డబ్బాలో విడిగా పెట్టి కొన్న డీలరుకే అప్పజెప్పండి.

మా పుస్తకంలో మొదటి పేజీలో ఇలా ఉంది: కొత్త తూటాలు ఐదు, పేలినవి మూడు, గుంట తేలిక. రెండో పేజీ: కిరోసిన్ తర్వాత ఐదు, పేలినవి ఐదు, గుంట లోతు. స్ప్రింగు మార్చలేదు. మళ్లీ చలికాలం పొద్దున ఒకసారి పేల్చి చూశాకే ఆ మాట తేల్చుకోవాలని అన్నయ్య మూడో పేజీ ఖాళీగా ఉంచాడు.